పూలకుండీల యెంపిక

ఇంటిముంగిట నాలుగు పచ్చని మొక్కలుండవలెనను కోరిక మెచ్చదగినదే. కాని మన గౌడవెల్లి ప్రాంతమున కుండీమొక్కలను గొనువారిలో పెక్కురు మొక్కను జూచుచున్నారే గాని, దాని నుంచబోవు చోటును జూచుట లేదు. ఈ క్రమము తలక్రిందుగా నున్నదని నా యభిప్రాయము.

హైదరాబాదు పరిసరములలో నమ్మకమునకు వచ్చు మొక్కలలో ననేకము గోదావరి తీరమునందలి కడియము నర్సరీలనుండి లారీలపై వచ్చునవి. అచ్చట ఒండ్రుమన్ను, గాలిలో తేమ. ఇచ్చట రాతినేల, ఎఱ్ఱచెలక, వేసవిలో 40 డిగ్రీలు దాటు నెండ. అట్టి మొక్కను దెచ్చిననాడే మిద్దెపై నిలిపిన నది వాడక యేమి చేయును? పదిదినములు చెట్టునీడ నుంచి, కొలదికొలదిగా నెండకు మరపవలెను. ఎఱ్ఱమన్ను రెండుపాళ్లు, ఇసుక యొకపాలు, మాగిన పశువుల యెరువొకపాలు కలిపిన చాలును. అడుగున తూటులేని కుండీ యెంత చిత్రమైనదైనను కొనవలదు. నీరు నిలిచి వేళ్లు కుళ్లును.

విదేశపు మొక్కలే కూడదని కొందఱందురు. ఆ వాదము నాకు రుచింపదు. బంతి మెక్సికోనుండియు, బిళ్లగన్నేరు మడగాస్కరునుండియు, కాగితపుపూల తీగ దక్షిణ అమెరికానుండియు వచ్చినవే. బంతిపూలు లేని దసరాను మన యూరిలో నెవ్వరైన నూహింతురా? చోటునకు దగినదా కాదా యనునదే ప్రశ్న. మండుటెండలో కాగితపుపూలు, నందివర్ధనము, మందారము నిలుచును. పంచలోని నీడకు మనీప్లాంటు, స్నేక్‌ప్లాంటు చాలును.

చిన్నబిడ్డలున్న యింట డిఫెన్‌బేకియా నుంచుట మాత్రము నాకు సమ్మతము కాదు. ఆకులపై మచ్చలు సొగసైనవే. కాని నమిలినచో సూదులవంటి ఆక్సలేటు స్ఫటికములు నాలుకను, గొంతును వాచునట్లు చేయును. మనీప్లాంటునకును ఈ గుణము గలదు గావున దానిని బిడ్డల కందని యెత్తున వ్రేలాడదీయవలెను. గన్నేరు వీనికంటె ప్రమాదకరము. దాని ప్రతిభాగమును విషమే, అది గుండెను దెబ్బతీయును. పేరు పరిచితమగుటచే మనము దానికి భయపడుట లేదు!

కుండీలు గదిలోని గాలిని శుద్ధిచేయునని చెప్పి యధికధరలకు విక్రయించుట యిప్పటి వాడుక. అమెరికా అంతరిక్షసంస్థ నాసా మూసిన పెట్టెలలో జేసి 1989లో ప్రకటించిన పరీక్షలే యిందుకు మూలము. మన యిల్లు మూసిన పెట్టె కాదు. అట్టి పరీక్షలను మరల గణించి 2019లో వెలువడిన సమీక్ష ప్రకారము, మామూలు గాలిమార్పిడికి సాటి రావలెనన్న చదరపు మీటరునకు 10 మొదలు 1000 వఱకు మొక్కలు కావలెను. కిటికీ తెఱచుట సులభము కాదా?

ఇక నీటిమాట. వ్రేలు మంటిలో గ్రుచ్చి, పొడిగా నున్ననే పోయవలెను. కుండీక్రింది పళ్లెమున వారముదినములు నీరు నిలిచిన డెంగ్యూదోమ పెరుగును. దానిని రెండుమూడు దినముల కొకసారి పాఱబోసి తోమవలెను. బోరునీటి లవణములు మట్టికుండీ వెలుపల తెల్లని పొరగా దేలుచుండును. తొలకరి వానలకు కుండీల నారుబయట నుంచిన, ఆ యుప్పు కొంత కడుగుకొనిపోవును.