బాసెలు నగరపు బెర్నూలీవారు



వంశచరిత్ర యనగానే మనకు రాజవంశములే స్ఫురించును. ఈ మాసమున మేము చెప్పదలచిన వంశమునకు కిరీటము లేదు, కోట లేదు. మిరియములమ్ము అంగడి మాత్రము కలదు. అయినను ఆ యింట ఐకమత్యమునకు కఱవే కాని, కలహములకు కఱవు లేదు. అందుచేతనే గృహిణులమైన మన మీ కథను తెలిసికొనవలసియున్నది.

స్విట్జర్లాండు దేశమున, రైను నది యొడ్డున, బాసెలను నగరము కలదు. పూర్వమచట రాజు లేడు. వృత్తిసంఘములును నగరసభయు పరిపాలన సాగించెడివి. కాలక్రమమున కొన్ని సంపన్న కుటుంబములే సభాసనములను, విశ్వవిద్యాలయ పీఠములను తమలో పంచుకొని, పిల్లల నిచ్చిపుచ్చుకొనుటయు తమలోనే జరుపుకొనుచు వచ్చెను. ఇట్టి కుటుంబముల సముదాయమును ఆ యూరివారు 'డైగ్' అందురు. పిండిముద్ద యని దాని కర్థము చెప్పుదురు. నీరుపోసి పిసికిన పిండిలో ఏ రేణువు ఎచటిదో తెలియనట్లు, వారి బంధుత్వములును అట్లే కలిసిపోయినవని భావము కాబోలు.

బెర్నూలీవారు తొలుత ఆంట్వెర్పు పట్టణవాసులు. పదునాఱవ శతాబ్దమున స్పానిషు ప్రభుత్వము ప్రొటెస్టంటు మతస్థులను హింసింపగా, వారు ఇల్లు వాకిలి విడిచి ఫ్రాంకుఫర్టునకు పోయిరి. ఆ వంశీయుడైన యాకోబను వర్తకుడు 1622లో బాసెలు పౌరుడయ్యెను. అతని కుమారుడు నికొలాసు సుగంధద్రవ్యముల వ్యాపారమున వృద్ధిచెంది నగరసభలో స్థానము సంపాదించెను. పరదేశమునుండి శరణుజొచ్చి వచ్చిన కుటుంబమునకు రెండు తరములలో కలిగిన గౌరవమిది!

ఈ నికొలాసు తన పెద్దకొడుకు యాకోబును మతాచార్యునిగ చేయనెంచెను. తండ్రి మాటపై యాకోబు వేదాంతవిద్య ముగించెనే కాని, చాటుగా గణితమును, ఖగోళమును చదివెను. తండ్రి యిష్టమునకు విరోధముగ నక్షత్రములను పరిశీలించుచున్నానని అర్థమిచ్చు వాక్యమును తన బిరుదవాక్యముగ నుంచుకొనెను. 1687లో బాసెలు విశ్వవిద్యాలయమున గణితాచార్యుడయ్యెను. పాచికలాటవంటి యాదృచ్ఛిక విషయములందు సైతము, ప్రయత్నముల సంఖ్య పెరిగినకొలది ఫలితముల పాళ్లు స్థిరపడునని అతడు నిరూపించెను. ఆ గ్రంథము అతని మరణానంతరము 1713లో వెలువడెను.

తమ్ముడు యోహాను అన్నకంటె పండ్రెండేండ్లు చిన్నవాడు. తండ్రి యితనిని అంగడిలో కూర్చుండబెట్టెను, వ్యాపారము పట్టుపడలేదు. వైద్యము చదువుమనెను, చదువుచునే అన్నయొద్ద గణితము నేర్చెను. అన్నదమ్ములిద్దరును కలిసి లైబ్నిట్సు పండితుని నూతన గణితమును సాధించిరి. శిష్యుడు గురువునకు సమానుడైన కొలది అన్నకు అనుమానము, తమ్మునకు అతిశయము పెరిగినవి. తానుపదేశించినదే తమ్ముడు వల్లించుచున్నాడని అన్న పలికెను. విద్వత్పత్రికలలో ఒకరికొకరు సవాలు విసరుకొనిరి. 1705లో యోహాను స్వదేశమునకు మరలి వచ్చుచుండగా అన్న గతించిన వార్త తెలిసెను. అన్న పీఠమే తమ్మునకు దక్కెను. రాజీకి మాత్రము అవకాశము దక్కలేదు.

యాకోబునకు ఒక వక్రరేఖయనిన మిక్కిలి ప్రీతి. శంఖపు చుట్టవలె, పెరిగినకొలది విరివియగుచు ఆకారము మారకుండు రేఖ అది. తన సమాధిపై దానిని చెక్కింపుడని కోరెను. శిల్పికి భేదము తెలియక, జంతికచుట్టవలె ఎడము మారని వేఱొక రేఖను చెక్కెను. బాసెలు మహాదేవాలయపు సమాధిఫలకముపై ఆ తప్పు చుట్టయే యున్నది.

ఇక మూడవ తరము. తండ్రి నిర్బంధము వలన కలిగిన బాధను స్వయముగ నెఱిగిన యోహాను, తన కుమారుడు డానియేలునెడల ఎట్లు వర్తించెనందురు? అతనిని వర్తకుడవు కమ్మనెను. ఆపై వైద్యుడవు కమ్మనెను! కొడుకును తండ్రివలెనే తోబుట్టువు సాయమున గణితము నేర్చెను. 1734లో పారిసు విద్వత్సభ ఒక బహుమానమును తండ్రికొడుకులకు సమానముగ పంచి యిచ్చెను. మన యిండ్లలోనైన నాడు పండుగయే కదా! తన కుమారుని తనకు సాటి చేసిరని యోహాను ఆగ్రహించి, అతనిని తన గడప త్రొక్కవలదనెను.

1738లో డానియేలు నీటి చలనమును గూర్చి మహాగ్రంథము ప్రకటించెను. విమానపు రెక్కలను గూర్చి చదువువారు నేటికిని అతని పేరిటి సూత్రమును పఠింతురు. ఆ గ్రంథపు ముఖపత్రముపై తన పేరుప్రక్కన 'యోహాను కుమారుడు' అని వ్రాసికొనెను. గడప దాటనీయని తండ్రి పేరది! తండ్రి మాత్రము అదే విషయముపై తానొక గ్రంథము వెలువరించి, 1732లోనే వ్రాసినట్లు తేదీ వేసెను. పదేండ్ల కృషిఫలము ఒక్క క్షణమున పోయెనని డానియేలు మిత్రుడైన ఆయిలరునకు వ్రాసి దుఃఖించెను.

అయినను అతని బుద్ధి క్రుంగలేదు. మశూచికము పసిబిడ్డలను బలిగొనుచున్న దినములవి. పొక్కులలోని రసమును ఆరోగ్యవంతులకు ఎక్కించు పద్ధతి మేలా కీడా యని తల్లిదండ్రులు తల్లడిల్లుచుండగా, 1760లో డానియేలు లెక్క కట్టి, దానివలన సగటు ఆయువు మూడేండ్లు పెరుగునని చూపెను. ఆ వ్యాధి భూమిపై సమసినదని ప్రకటించినది 1980లో.

తదుపరి తరములవారి యందు మూడవ యోహాను బెర్లినులో జ్యోతిశ్శాస్త్రజ్ఞుడయ్యెను. మన దేశమున చిరకాలము నివసించిన టీఫెంటాలరు అను మతగురువు రచించిన హిందూదేశ భూగోళవర్ణనమును పరిష్కరించి అచ్చువేయించినది ఇతడే. ఇతని తమ్ముడు ఆయిలరు మనుమరాలిని పెండ్లాడి, కొలది మాసములకే 1789లో నేవా నదిలో మునిగి మరణించెను. ఆ నవవధువును తలచినచో మనసు కరగును.

1687 మొదలు 1790 వఱకు, నూట మూడేండ్లు, బాసెలు గణితపీఠము ఈ యింటివారి చేతులలోనే యుండెను. ఈ వంశవృక్షమును పుస్తకములలో చూచునపుడు మా కన్నులు మఱియొకదానిని వెదకినవి. అందు కొడుకులు, మనుమలే కాని కూతుండ్రు కానరారు. బాసెలు విశ్వవిద్యాలయమున స్త్రీకి ప్రవేశము లభించినది 1890లో; అనగా ఆ పీఠము వారి చేయి దాటిన నూఱేండ్లకు. ఆ యింట కూతునకు లెక్కలపై మనసున్న యెడల, తండ్రికి చాటుగా నేర్చుకొనుటకు అన్నదమ్ముడొకడు దొరకెనో లేదో!

కొడుకు చేతను, శిష్యుని చేతను ఓడిపోవుటయే కోరదగినదని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాటను మేము చిన్ననాడే నేర్చితిమి. నేర్చుట వేఱు, ఓర్చుట వేఱు. మొన్న మా పెద్దమ్మాయి, భారతములోని ఒక సమాసమునకు మేము చెప్పిన అర్థము సరికాదని, విగ్రహము విడదీసి చూపినది. ఆ పూటంతయు మేము ముభావముగ నుంటిమి. వంటయింట గిన్నెల చప్పుడు కొంచెము హెచ్చయినదని మా యింటివారు గమనించి నవ్విరి. యోహానును నిందించు అర్హత మాకెంత కలదో నాడు తెలిసినది! మఱునాటి ఉదయమున పిల్లను పిలిచి, "నీవు చెప్పినదే సరి తల్లీ, మాకును ఇంకొకసారి చెప్పుము" అంటిమి. దాని ముఖము వికసించుట చూచిన పిదప, ఆ ఓటమి మాకు బరువు కాలేదు.

అక్కలారా, చెల్లెండ్రారా! మీ పిల్లలలో ఎవరైన మీ తప్పును దిద్దినయెడల, గడప మూయక తెఱచి యుంచుడు. వంశము వృద్ధిపొందుటయనగా అదియే కదా!