ఇంగ్లండున మన విద్యార్థుల ధరావతు సొమ్ము

ఇంగ్లండునకు విద్యార్థమై పోవు మన యువకులు కళాశాల జీతమును పైసలతో సహా లెక్కించుకొందురు. ఇంటి యజమానుని చేత నుంచిన ధరావతును మాత్రము పోయిన సొమ్ముగా నెంచి విమాన మెక్కుదురు. ఈ యౌదార్య మెవ్వరి కొరకు?

ఆ దేశపు శాసన మట్లు చెప్పుట లేదు. 2007 ఏప్రిల్ నుండి యజమాని ధరావతును ప్రభుత్వామోదము గల రక్షణ పథకమున చేర్చి తీరవలెను. 30 దినములలో చేర్చి, ఆ వివరములను వ్రాతమూలమున తెలుపనిచో, న్యాయస్థానము ఆ సొమ్మునకు సమానము మొదలు మూడు రెట్ల వరకు అద్దెదారున కిప్పింపగలదు. సాలీనా అద్దె 50 వేల పౌనులకు లోబడిన యిండ్లలో ధరావతు 5 వారముల అద్దెకు మించరాదని 2019 శాసనము. బెంగుళూరులో పది నెలల అద్దె ముందుగా ముట్టజెప్పి యలవాటుపడిన మనవారి కిది వింతగా తోచును!

వివాదము పుట్టినచో, ఉభయులును సమ్మతించిన, పథకమువారే రుసుము లేక తీర్పు చెప్పుదురు. గోడ చెడినదని, తివాచీ మాసినదని నిరూపించు భారము యజమానునిది. ధరావతు అద్దెదారుని సొమ్మే గదా. అయినను చేరిన దినముననే గదుల ఛాయాచిత్రములు తీసి, విద్యుత్తు, గ్యాసు మీటర్ల యంకెలు వ్రాసికొనవలెను. లేనిచో మునుపటివాడు కాల్చిన గ్యాసునకు మనవాడు చెల్లించును. ఇంటివారందరును పూర్తికాల విద్యార్థులైనచో కౌన్సిలు పన్ను లేదు.

యజమాని తానును కాపురముండు నింట గది పుచ్చుకొన్నవానికి మాత్రము ఈ పథకపు రక్షణ లేదు. అట్టిచోట రసీదు లేక కాసైన నీయరాదు. యజమాని మన యూరివాడైనను సరే.

విద్యార్థులను పంపు ఏజెంట్లు వీసా కాగితములతోబాటు ఈ సంగతుల నొక పుటలో ముద్రించి యీయవలెను. వారు పుచ్చుకొను రుసుమున కిది యెక్కువ పని గాదు.