సైలెన్సరు కొయ్యొద్దు, యార్డు వరుస మార్చండి

మిర్చి, పత్తి తోలే పికప్ యజమానులకు, డ్రైవర్లకు, ఆటోనగర్ మేస్త్రీలకు, మార్కెట్ కమిటీ పెద్దలకు ఒక బండి యజమాని విన్నపం

"బండి లాగట్లేదు మేస్త్రీ, పసుపు లైటు ఆరట్లేదు" అంటే చాలు, మన వైపు చాలా షెడ్లలో ఇప్పుడు ఒకటే వైద్యం. బండి కిందికి దూరి, సైలెన్సరు గొట్టం మధ్యలో ఉబ్బెత్తుగా కనపడే డబ్బాను కట్టరుతో కోసేస్తారు. ఆ ఖాళీలో ఉత్త పైపు ముక్క పెట్టి వెల్డింగ్ కొడతారు. ఇంకొందరు డబ్బాను అట్లాగే ఉంచి లోపలి జాలీని కడ్డీతో పొడిచి రాల్చేస్తారు. పైకి చూస్తే అంతా ఉన్నట్టే ఉంటుంది. ఆ తర్వాత లాప్‌టాప్ పట్టుకుని ఒక కుర్రాడు వచ్చి, సెన్సార్లు అడగకుండా సాఫ్ట్‌వేరు మార్చి లైటు ఆర్పేస్తాడు. సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుంది.

నేనూ చేయించాను. మిర్చి ధర కూలిపోయిన సీజన్ అది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చిన ఏడాది. రైతు చేతిలో డబ్బు ఆడకపోతే మన కిరాయి బాకీ పడుతుంది. ఫైనాన్స్ కిస్తీ మాత్రం తేదీ తప్పకుండా వచ్చి గడపలో నిలబడుతుంది. ఆ డబ్బాలో పూడిపోయిన ఫిల్టరు కొత్తది కొనాలంటే ధర విన్నాక నాకు గొంతు తడారిపోయింది. "తీసేద్దాం అన్నా, నీకే ఎదురు డబ్బులొస్తాయి" అన్నారు షెడ్డులో. నాలుగు ట్రిప్పుల కిరాయి అంత డబ్బు చేతిలో పెట్టారు. తీసుకున్నాను. అందుకని ఈ కాగితంలో ఎవరినీ దొంగని చేయడం లేదు. ఇది చదివేవాళ్లలో సగం మంది పరిస్థితి నాకు తెలుసు.

మొదటి వారం బండి తేలికైనట్టే అనిపించింది. కానీ డీజిలు కొట్టించిన ప్రతిసారీ లీటర్లు, కిలోమీటర్లు నోటుపుస్తకంలో రాసుకునే అలవాటు నాది. మూడు నెలల లెక్క తిరగేస్తే మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా ఇంకోచోట వచ్చింది. కోసిగి వైపు నుంచి కోతలకొచ్చిన ఆడకూలీలను తెల్లవారుజామున చేనికి తీసుకెళ్తుంటే, వెనక తొట్టిలో కూర్చున్నవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం అద్దంలో కనపడేది. చలికని అనుకున్నాను. ఒకరోజు ఒక పెద్దామె తొట్టి మీద తట్టి బండి ఆపించింది, తల తిరుగుతోందని. కిందికి దిగి వెనక్కి వెళ్లి నిలబడ్డాను. ఇంజిను ఆడుతూనే ఉంది. ఆ గొట్టం దగ్గర నిమిషం సేపు నిలబడితే నాకే కళ్లు మండాయి. వాళ్లు రోజూ గంటసేపు ఆ గాలిలో కూర్చుంటున్నారు.

అది జరిగిన నెలన్నరకు టర్బో పోయింది. విప్పిచూసిన మరో మేస్త్రీ అసలు సంగతి చెప్పాడు. టర్బో సీలు ఎప్పటినుంచో ఆయిలు కారుస్తోంది. ఆ ఆయిలు మసి పట్టి ఫిల్టరు పూడిపోయింది. లైటు వెలిగింది అందుకే. నేను రోగం వదిలేసి, రోగం ఉందని చెప్పిన పరికరాన్ని తీయించాను. చివరికి టర్బో ఖర్చూ తప్పలేదు, ఫిట్‌నెస్‌కి వెళ్లేముందు కొత్త డబ్బా ఖర్చూ తప్పలేదు.

ఆ డబ్బాలో ఏముందో ఒకసారి చూద్దాం. లోపల తేనెపట్టులా సన్నని గదులున్న పింగాణీ దిమ్మె ఉంటుంది. దాని గోడల మీద ప్లాటినం, పల్లాడియం లాంటి లోహాల పలుచటి పూత. షెడ్డులో ఎదురు డబ్బులిచ్చేది వాటి కోసమే. పొగ ఆ గదుల్లోంచి పోయేటప్పుడు అందులోని కార్బన్ మోనాక్సైడు, కాలని ఇంధనం అక్కడే కాలి బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారతాయి. పెట్రోలు, సీఎన్‌జీ బండ్లలో రోడియం కూడా కలిపి నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొడతారు. డీజిలు బండిలో దీని వెనకే మసిని పట్టి ఉంచే ఫిల్టరు, అదే డీపీఎఫ్ ఉంటుంది. కొన్ని బండ్లలో యూరియా నీళ్లు చిమ్మే ఏర్పాటు కూడా ఉంటుంది. ఇవన్నీ కొత్తగా మన నెత్తిన పెట్టిన భారాలు కావు. ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు 1995లోనే ఈ పూత దిమ్మె ఉన్న డబ్బాను, అంటే క్యాటలిటిక్ కన్వర్టరును తప్పనిసరి చేశారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. డీజిలు కార్ల లెక్క చూస్తే బీఎస్-4 నుంచి బీఎస్-6కి వచ్చేసరికి మసి పరిమితి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కి దిగింది. ఆ తగ్గింది చాలావరకు ఈ డబ్బాల పుణ్యమే. అవి కోసేస్తే ఆర్‌సీ మీద బీఎస్-6 అని రాసి ఉన్న పాతకాలపు బండి మన చేతిలో మిగులుతుంది.

డీజిలు పొగ క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో తేల్చి, దాన్ని మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్న వర్గమే అది. గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్లని కేంద్రం జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో పెట్టిన జాబితాలో గుంటూరూ ఉంది, ఒంగోలూ ఉంది. ఆ గాలికి అందరికన్నా దగ్గరగా ఉండేది మనమే. క్యాబిన్‌లో మనం, తొట్టిలో కూలీలు, యార్డులో హమాలీలు, ముచ్చికలు తీసే ఆడవాళ్లు. ఇప్పటికే మిర్చి ఘాటుకు దగ్గుతున్న ఊపిరితిత్తులవి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన బండ్లలోనే ఈ ఫిల్టర్లు ఎందుకింత త్వరగా పూడుకుపోతున్నాయి?

డీపీఎఫ్ పట్టిన మసిని తనే కాల్చుకుంటుంది. అందుకు దాని లోపల వేడి 550, 600 డిగ్రీల దాకా పోవాలి. హైవే మీద ఇరవై నిమిషాలు ఒకే వేగంతో లాగితే ఆ పని దానంతటదే అయిపోతుంది. మన సీజన్ చూడండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డుకు రోజుకు లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దాటి వచ్చే రోజులుంటాయి. సెలవుల తర్వాత వచ్చే సోమవారమైతే చెప్పనక్కర్లేదు. ఆదివారం రాత్రి నుంచే బండ్ల వరుస. పది అడుగులు కదలడం, ఆగడం. దోమలకు ఫ్యాను కావాలి, ఫోను చార్జింగు కావాలి, వెనకవాడు దూరకుండా ముందుకు జరగాలి. ఇంజిను ఆపం. చల్లటి పొగ గంటల తరబడి ఫిల్టరులోకి పోతుంది. మసి పేరుకుంటుంది, కాలే వేడి రాదు. నలభై కిలోల టిక్కీలు అరవై వేస్తే 24 క్వింటాళ్లు. ఒకటిన్నర టన్ను పాసింగు ఉన్న బండి ఆ బరువుతో మొదటి గేరులో ఈడుస్తుంటే పొగ ఇంకా చిక్కబడుతుంది. మనం ఫిల్టరు చెడిపోయిందంటున్నాం గానీ, దాన్ని చెడగొడుతున్నది ఆ వరుసే.

మన చేతిలో ఉన్న తప్పులూ లేకపోలేదు. ఈ బండ్లకు బూడిద తక్కువ వదిలే ఇంజిను ఆయిలు పొయ్యాలని పుస్తకంలో రాసి ఉంటుంది. లూజు ఆయిలు పోస్తే దాని బూడిద ఫిల్టరులో చేరుతుంది, ఎంత వేడి చేసినా అది కాలదు. కిరసనాయిలు కలిసిన డీజిలు సంగతి చెప్పక్కర్లేదు. యూరియా ద్రావణం విషయంలో ఇంకో పొరపాటు జరుగుతోంది. పత్తికి తెచ్చిన యూరియానే నీళ్లలో కలిపి ట్యాంకులో పోసేవాళ్లున్నారు. బండికి కావాల్సింది మలినాలు లేని యూరియా, 32.5 శాతం ద్రావణం. పొలం యూరియాకు 2015 నుంచి దేశమంతటా వేపపూత తప్పనిసరి. ఆ పూత చేనుకు మేలు చేస్తుంది, బండి నాజిలును మాత్రం మూసేస్తుంది.

పెట్రోలు, సీఎన్‌జీ చిన్న బండ్లున్నవాళ్లకు ఒక మాట. ప్లగ్గు సరిగా కొట్టక ఇంధనం పచ్చిగా సైలెన్సరులోకి పోతే, అది లోపల కాలి పింగాణీ దిమ్మె కరిగిపోతుంది. ఇంజిను ఎగిరెగిరి పడుతుంటే ముందు ప్లగ్గు, కాయిలు చూపించండి.

పత్తి తోలేవాళ్లు ఒక భయం చెబుతుంటారు. ఆ డబ్బా వేడికి లోడు అంటుకుంటుందని. వేడి నిజమే, దాన్ని కొట్టిపారేయను. కానీ దానికి కంపెనీవాళ్లు రేకు అడ్డు పెట్టి ఇస్తారు. గలగల శబ్దం వస్తోందని ఆ రేకును మనమే ఊడబీకుతాం. రేకు ఉంచండి. ఎండిన పత్తికట్టె మీద, గడ్డి మీద వేడి బండి నిలపకండి. జిన్నింగ్ మిల్లు ఆవరణలో రాలిన దూది మీద ఆపకండి. జాలీ లేని ఉత్త గొట్టం నుంచి నిప్పురవ్వలు బయటికి రావడం ఇంకా సులువు, అదీ గుర్తుపెట్టుకోండి.

"ట్రాక్టర్లను అడగరు, పాత లారీలను అడగరు, మా మీదే పడతారేం?" అనే ప్రశ్న నాకు ఎదురవుతుంది. న్యాయమైన ప్రశ్నే. వాటినీ అడగాలి. కానీ కొత్త బండిని పాత బండిగా మార్చేస్తే లెక్క ఎక్కడికి పోతుందో అమెరికాలో తేలింది. అక్కడ డీజిలు పికప్‌లకు ఇదే పని చేశారు. పదేళ్లలో 5,50,000కు పైగా పికప్‌లలో ఈ పరికరాలు తీసేశారని ఆ దేశ పర్యావరణ సంస్థ 2020 నవంబరులో అంచనా కట్టింది. వాటి అదనపు పొగ, చక్కగా ఉన్న పికప్‌లు ఇంకో 90 లక్షలు రోడ్డెక్కినంత పని చేస్తుందని చెప్పింది. ఆ షెడ్ల మీద, ఆ సాఫ్ట్‌వేరు అమ్మేవాళ్ల మీద అక్కడ కేసులూ పెట్టారు.

మన దగ్గర చట్టం మొదటి దెబ్బ యజమాని మీదే పడుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి అసలు రూపాన్ని ఇట్లా మార్చకూడదు. 2019 సవరణ తర్వాత 182ఎ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. గాలి కాలుష్యానికి 190వ సెక్షన్ కింద 10,000 దాకా జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు రద్దు. కోసిన షెడ్డువాడు, లైటు ఆర్పిన కుర్రాడు మాత్రం ఇంట్లో ఉంటారు. పైగా డీజిలు బండి పొల్యూషన్ పరీక్షలో చూసేది పొగ నల్లదనం ఒక్కటే. నైట్రోజన్ ఆక్సైడ్లు అందులో కనపడవు. జాలీ పొడిచేసిన బండి కూడా ఇంజిను బాగుంటే సర్టిఫికెట్ తెచ్చుకోగలదు. ఈ చిల్లు పూడ్చకుండా రోడ్డు మీద డ్రైవర్లను ఆపి జరిమానాలు రాస్తే నేను ఒప్పుకోను.

అందుకే మేం అడుగుతున్నది ముందు మార్కెట్ కమిటీని. వచ్చే సీజన్ నుంచి యార్డుకు టోకెన్ పద్ధతి పెట్టండి. ఏ బండి ఏ గంటకు రావాలో ఫోనుకు సందేశం పంపండి. పత్తి కొనుగోలు కేంద్రాల దగ్గరా ఇదే అడుగుతున్నాం. ఆగక తప్పనివాళ్లకు ఊరి బయట చదును చేసిన జాగా, నీడ, తాగునీరు, మరుగుదొడ్డి, ఫోను చార్జింగు ఏర్పాటు చేసి, అక్కడ ఇంజిను ఆపడం నియమం చేయండి. గేటు దగ్గర పొగ కొలిచే యంత్రం ఒకటి పెట్టండి. మొదటి సీజన్ అంతా జరిమానా వద్దు, బండి యజమానికి కాగితం మీద సంగతి రాసివ్వండి చాలు.

రవాణా శాఖకు ఒక మాట. ఎనిమిదేళ్ల లోపు బండి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఫిట్‌నెస్‌కి మీ ముందుకు వస్తుంది. అప్పుడు కిందికి దూరి టార్చి వేసి చూడండి, కంప్యూటరు స్కానరు తగిలించి సాఫ్ట్‌వేరు మార్పు పట్టుకోండి. ఇప్పటికే కోయించుకున్నవాళ్లకు ఆరు నెలలు గడువు ఇవ్వండి, కేసు లేకుండా తిరిగి బిగించుకునేలా. ఆ గడువు దాటాక యజమానితో పాటు కోసిన షెడ్డు మీదా కేసు పెట్టండి.

బండ్లు అమ్మే కంపెనీలకూ చెప్పాల్సింది ఉంది. పూడిన ఫిల్టరును కడిగి, మసి కాల్చి తిరిగి బిగించే యంత్రాలున్నాయి. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలుల్లో అలాంటిది ఒక్కోటి పెట్టి, ధర బోర్డు మీద రాయండి. కొత్తది కొనక తప్పకపోతే వాయిదాల్లో ఇవ్వండి. మా వాళ్లు కోయించుకునేది మీ ధర విన్నాకే.

పాత ఇనుము కొనేవాళ్లు బండి నంబరు, యజమాని సంతకం లేకుండా ఈ డబ్బా కొనకూడదు. గుజరాత్, మహారాష్ట్రల్లో ఈకో వ్యాన్ల సైలెన్సర్లను రాత్రికి రాత్రి కోసుకుపోయిన ముఠాలను పోలీసులు పట్టుకున్నారు. అడగకుండా కొనేవాడుంటే అడగకుండా కోసేవాడు పుడతాడు.

మేస్త్రీలూ, మీ చేతి పని మీద మాకు గౌరవం ఉంది. పసుపు లైటుతో బండి వస్తే ఇంజెక్టర్లు, టర్బో సీలు, ఈజీఆర్, ప్రెషరు సెన్సారు పైపు చూసి, ఏది చెడిందో చెప్పండి. ఆ పనికి కూలి అడగండి, ఇస్తాం. ఏ సామాను విప్పినా పాతది యజమాని చేతికివ్వండి.

ఈ కోరికలతో మార్కెట్ కమిటీకి, జిల్లా కలెక్టరుకు, రవాణా అధికారికి అర్జీ రాస్తున్నాం. సంక్రాంతి దాటాక మొదటి కోత మిర్చి యార్డుకు రాకముందే అది వాళ్ల బల్ల మీద ఉండాలి. సంతకం పెట్టేవాళ్లు బండి నంబరు, ఊరు రాసి, ఈ కరపత్రం మీ చేతికిచ్చినవాళ్లకే తిరిగి ఇవ్వండి. కోయించుకున్న బండి ఉన్నవాళ్లు కూడా పెట్టండి. మొదటి సంతకం నాదే, నా బండి కోసిన సంగతి దాని కిందే రాశాను.