మనశ్శాంతికి రోజూ పది నిమిషాలు



"నిద్ర పట్టడం లేదు, గుండె దడగా ఉంటోంది, దేనిమీదా మనసు నిలవడం లేదు" అనేవారు మన చండ్రుగొండ ప్రాంతంలోనూ ఉన్నారు. పత్తికీ మిరపకూ తెచ్చిన అప్పు, పోడు భూమి గురించిన దిగులు, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు - కారణాలు అందరికీ తెలిసినవే. అలాంటివారు రోజూ కొంతసేపు ధ్యానం చేయడం మంచిదని మేము భావిస్తున్నాము. అయితే ఆ మాట అనగానే రెండు సందేహాలు వస్తాయి.

మొదటిది, "ఇది మన విశ్వాసానికి సరిపడుతుందా?" ధ్యానం మనకు పరాయిది కాదు. ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానించిన సంగతి ఆదికాండము 24వ అధ్యాయంలో ఉంది. మొదటి కీర్తన కూడా ధ్యానాన్ని ప్రస్తావిస్తుంది. ఇక ఆసుపత్రుల విషయానికొస్తే, 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ దీర్ఘకాలపు నొప్పులతో బాధపడేవారికి మతంతో సంబంధం లేకుండా ధ్యాన శిక్షణ మొదలుపెట్టారు. కనుక ఎవరి విశ్వాసంలో వారు ఉంటూనే దీనిని ఆచరించవచ్చు.

రెండవది, "ధ్యానం చేస్తే మందులు మానేయవచ్చా?" మానకూడదు. 47 పరిశోధనలను, 3,500 మందికి పైగా వివరాలను పరిశీలించి 2014లో ప్రచురించిన ఒక సమీక్షలో, ధ్యానం వల్ల ఆందోళన, దిగులు, నొప్పి కొంతమేరకు తగ్గుతాయని తేలింది. మందుల కంటే, వ్యాయామం కంటే అది మేలైనదని మాత్రం తేలలేదు. బి.పి., షుగర్, మూర్ఛ, మానసిక వ్యాధుల మందులను డాక్టరు చెప్పకుండా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. ఖర్చు లేదు. తెల్లవారుజామున పనులు మొదలుకాక ముందో, రాత్రి పడుకోబోయే ముందో ఒక వేళ పెట్టుకోండి. కుర్చీలోనైనా, చాప మీదైనా, గోడకు ఆనుకునైనా కూర్చోండి. కళ్ళు మూసుకొని ఊపిరి వచ్చి పోవడాన్ని గమనించండి. గాలి పీల్చేటప్పటికంటే వదిలేటప్పుడు కాస్త ఎక్కువ సమయం తీసుకోండి, దానితో గుండె వేగం నెమ్మదిస్తుంది. మనసు అప్పుల మీదికి, ఇంటి గొడవల మీదికి పోతుంది. పోనివ్వండి, కోపగించుకోకుండా మళ్ళీ ఊపిరి మీదికి తెచ్చుకోండి. ఇలా తిరిగి తెచ్చుకోవడమే అసలు సాధన. మొదటి వారం ఐదు నిమిషాలు, తరువాత పది నిమిషాలు చాలు. ఒకరోజు తప్పితే మరునాడు కూర్చోండి.

కళ్ళు మూసుకోగానే భయం పెరిగేవారు, చెవిలో మాటలు వినిపించేవారు మాత్రం ముందుగా డాక్టరును కలవాలి. చనిపోవాలనే ఆలోచన వస్తే ధ్యానంతో సరిపెట్టుకోకండి. ఇంట్లోవారికి వెంటనే చెప్పండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

ధ్యానం అప్పు తీర్చదు, పంటకు ధర తేదు. కానీ కుదుటపడిన మనసుతో తీసుకునే నిర్ణయం కంగారులో తీసుకునే దానికంటే మేలు. అందుకే ఇంటిల్లిపాది, ముఖ్యంగా పొద్దున లేచింది మొదలు తీరిక దొరకని తల్లులు, ఈ పది నిమిషాలను తమ కోసం ఉంచుకోవాలని మా మనవి. ఆ కాసేపు పొయ్యి దగ్గర పని మిగతావారు చూసుకోవాలి.