‘మహానటి’ని పిల్లలతో కలిసి చూడండి



సెలవుల్లో పిల్లలతో ఏ సినిమా చూడాలంటే నేను ‘మహానటి’ పేరే చెబుతాను. మన పక్క గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి కథ ఇది. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2018లో వచ్చింది.

చీరలు, నగలు, కార్లు, స్టూడియో దీపాలు... ఏ కాలానివి ఆ కాలానివే. ఇందులో ‘మాయాబజార్’ పాటను మళ్లీ తీశారు. అది చూశాక 1957 నాటి అసలు పాటను కూడా చూపించండి. కీర్తి సురేష్ ఎక్కడ అచ్చం సావిత్రిలా ఉందో, ఎక్కడ తేడా ఉందో పిల్లలే పట్టేస్తారు. ఉత్తమ నటితో పాటు కాస్ట్యూమ్స్‌కూ జాతీయ అవార్డు వచ్చింది.

నాకు బాగా నచ్చింది సమంత వేసిన మధురవాణి పాత్ర. నత్తి ఉన్న విలేకరి. సావిత్రి గురించి రాయడానికి అందరి దగ్గరికీ వెళ్లి ఓపిగ్గా వింటుంది. అలా వింటూ వింటూనే తన మనసులో మాట చెప్పే ధైర్యం తెచ్చుకుంటుంది. “మా పాప ఇంగ్లీషులో తడబడుతోంది టీచర్” అని పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వింటుంటాం. తడబడే బిడ్డకు మనం మాట అందించేకంటే ఆగి వినడం మేలు.

సినిమా చివర్లో సావిత్రి తాగుడు, ఒంటరితనం ఉన్నాయి. అందుకని ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకే చూపించండి, మీరూ పక్కన కూర్చోండి. అయ్యాక “నీకు ఎవరు నచ్చారు? ఎందుకు?” అని అడగండి. తెలుగులో చెప్పినా ఇంగ్లీషులో చెప్పినా, పూర్తయ్యేదాకా మధ్యలో ఆపకండి.