యంత్రహృదయం

మహాభారత యుద్ధంలో పదునాలుగవ నాడు అర్జునుని ముందున్న గడువు స్వల్పమైనది. సూర్యుడు అస్తమించేలోగా సైంధవుణ్ణి వధిస్తాననీ, లేనినాడు అగ్నిప్రవేశం చేస్తాననీ అతడు ప్రతిజ్ఞ చేసి ఉన్నాడు. ఆ దినాన ప్రతి క్షణమూ ప్రాణంతో సమానం. అయినా యుద్ధభూమి నడుమ అతని రథం ఆగింది. గుర్రాలు బాణాల దెబ్బలు తిని, దప్పికతో డస్సి ఉన్నాయి. అర్జునుడు నేలపై నిలిచి శత్రువులను నిలువరించాడు. బాణంతో భూమిని భేదించి జలాశయాన్ని కల్పించాడు. శ్రీకృష్ణుడు గుర్రాలను విప్పి, వాటి ఒడలిలో నాటుకున్న బాణాలను తన చేతులతో పెరికి, మేను నిమిరి, నీరు త్రాగించి, అలసట తీరిన పిమ్మట తిరిగి రథానికి పూన్చాడు. ద్రోణపర్వంలోని ఈ ఘట్టాన్ని చదివేవారు సాధారణంగా అర్జునుని విలువిద్యకే అబ్బురపడతారు. కాని గడువు ముంచుకువస్తున్న వేళ వాహనాల సంరక్షణకు సమయం కేటాయించిన సారథి వివేకం అంతకంటె తక్కువైనది కాదు. గుర్రాలను సేదదీర్చిన ఆ విరామం ఆ ప్రయాణంలో ఒక భాగమే.

కాలక్రమంలో రథాలు పోయి మోటారు వాహనాలు వచ్చాయి. గుర్రం మాత్రం 'అశ్వశక్తి' అనే మాటలో మిగిలిపోయింది. నేటి యువకుడు పది పదిహేను గుర్రాల బలాన్ని కుడిచేతి పిడికిట పట్టుకొని రహదారిపై సాగుతున్నాడు. అయితే ఆ బలం ఎక్కడ పుడుతున్నదో, ఏ మార్గాన చక్రానికి చేరుతున్నదో, దానిని ఆపగల సాధనం ఏ స్థితిలో ఉన్నదో అతనికి తెలియదు. వెల చెల్లించినంత మాత్రాన వాహనం స్వంతమైనట్లు భావించడం నేటి పొరపాటు. వెల చెల్లించినవాడు కొనుగోలుదారు మాత్రమే. వాహనం పనిచేసే తీరును ఎరిగి, దాని బాగోగులు చూచేవాడే యజమాని. ఈ యాజమాన్యాన్ని అభ్యసించడానికి దూరప్రయాణానికి తగిన పాత మోటార్‌సైకిలు ఒక ఉత్తమ పాఠ్యగ్రంథం.

మోటార్‌సైకిళ్ళలో కేవలం వేగం కోసం రూపొందినవి కొన్ని, దూరప్రయాణ సౌఖ్యం కోసం రూపొందినవి మరికొన్ని. ఈ రెండు గుణాలనూ కలుపుకొన్న వాటిని 'స్పోర్ట్ టూరింగ్' వాహనాలంటారు. జర్మనీకి చెందిన బి.ఎమ్.డబ్ల్యు. సంస్థ 1976లో విడుదల చేసిన ఆర్ 100 ఆర్.ఎస్. ఈ జాతిలో ప్రసిద్ధమైనది. ఎదురుగాలిని చీల్చుకుపోయే దాని ముందు కవచాన్ని వాయుసొరంగ పరీక్షల ద్వారా తీర్చిదిద్దారు. మన దేశంలో సామాన్యునికి అందుబాటులోకి వచ్చిన ఇటువంటి వాహనం హీరో హోండా సంస్థ 2003లో ప్రవేశపెట్టిన కరిజ్మా. దాని ఇంజను సామర్థ్యం 223 ఘన సెంటీమీటర్లు, బలం సుమారు 17 అశ్వశక్తి. గేర్లు అయిదు. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, వెనుక చక్రానికి డ్రమ్ము బ్రేకు. తొలినాటి కరిజ్మాలు నేడు ఇరవై ఏండ్లు దాటి వార్ధక్యంలో ఉన్నాయి. అయినా వాటిని భద్రంగా కాపాడుకొంటూ నల్లమల మీదుగా శ్రీశైలానికో, అనంతగిరి మలుపుల మీదుగా అరకు లోయకో ప్రయాణించగోరేవారు ఉన్నారు. అట్టివారు చేయవలసిన పని తేలికైనది కాదు.

"ఇల్లు అలకగానే పండుగ కాదు" అన్నట్లు, కడిగి తుడిచి మెరుగు పెట్టినంత మాత్రాన వాహన సంరక్షణ పూర్తి కాదు. కాలం వాహనంలోని ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క తీరున క్షీణింపజేస్తుంది. నెలల తరబడి కదలక నిలిచిన వాహనంలో పెట్రోలు చెడి, జిగురుగా మారి, కార్బురేటర్‌లోని సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 నుంచి అమ్మకానికి వచ్చింది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం ఉన్నది. 2003 నాటి రబ్బరు గొట్టాలు, వాషర్లు ఈ ఇంధనాన్ని దృష్టిలో ఉంచుకొని చేసినవి కావు గనుక అవి ఉబ్బినవో, పగిలినవో తరచుగా పరీక్షించాలి. చైనును శుభ్రపరచి నూనె వేయాలి. బిగువు మరీ ఎక్కువ గాని, మరీ తక్కువ గాని కాకుండా చూడాలి. టైరు పక్కభాగంపై నాలుగంకెల ముద్ర ఉంటుంది. అందులో మొదటి రెండంకెలు తయారైన వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. గాళ్ళు అరగకపోయినా ఏండ్లు గడిచిన రబ్బరు గట్టిపడి, తడి నేలపై పట్టు కోల్పోతుంది. ఆ నాలుగంకెలు చదవడం తెలియని కారణంగా పాత టైరును కొత్తదిగా భావించి మోసపోయేవారు ఉన్నారు.

బ్రేక్ ఆయిల్ విషయం మరింత సూక్ష్మమైనది. ఇది కూడా కాలక్రమంలో తేమను పీల్చుకొంటుంది. ఊరిలో తిరిగేటప్పుడు ఆ లోపం బయటపడదు. ఘాట్ రోడ్డు దిగుతూ పదేపదే బ్రేకు వేసినప్పుడు ఆయిల్ వేడెక్కి, అందులోని నీరు ఆవిరి బుడగలుగా మారుతుంది. అప్పుడు బ్రేకు మీట మెత్తగా లోనికి పోతుందే గాని బండి ఆగదు. రెండేండ్లకొకసారి కొద్ది ఖర్చుతో మార్చదగిన ఈ ఆయిల్‌ను నిర్లక్ష్యం చేయడం గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవడమే అవుతుంది. ట్యాపెట్ల విషయమూ ఇటువంటిదే. వాటి సందు ఎక్కువైతే ఇంజను టకటకమని చప్పుడు చేసి తన బాధ తెలుపుకొంటుంది. సందు తక్కువైతే చప్పుడు ఉండదు. కాని వాల్వు పూర్తిగా మూసుకొనక, క్రమంగా కాలిపోతుంది. యంత్రంలోనైనా, మానవ స్వభావంలోనైనా మౌనంగా పెరిగే దోషమే ఎక్కువ ప్రమాదకరం.

ఇంతటి శ్రమ ఎందుకని ప్రశ్నించేవారికి సమాధానం ఉన్నది. ఈ శ్రమ ఆలోచనకు క్రమశిక్షణ నేర్పుతుంది. భారతీయ తర్కశాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ పర్వతంపై కనిపించే పొగ. పొగను చూచి నైయాయికుడు నిప్పును అనుమాన ప్రమాణంతో గ్రహిస్తాడు. అనుభవజ్ఞుడైన మెకానిక్ చేసేదీ అదే పని. పొగ నీలంగా ఉంటే ఇంజన్ ఆయిల్ మండుతున్నదని, అంటే పిస్టను రింగులో, వాల్వు సీళ్ళో అరిగినవని, ఒకవేళ ఇంజను బోరుకు వచ్చిందేమోనని అనుమానిస్తాడు. పొగ నల్లగా ఉంటే గాలికి మించి పెట్రోలు చేరుతున్నదని గ్రహిస్తాడు. ప్లగ్గు విప్పి చూచినప్పుడు దాని కొన లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం. నల్లని మసి పట్టితే పెట్రోలు ఎక్కువ. తెల్లగా పాలిపోతే పెట్రోలు తక్కువ. ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితాన్ని గమనించాలి. ఒకేసారి నాలుగు భాగాలు మార్చినవాని బండి బాగుపడవచ్చును గాని, ఏ దోషం వలన చెడినదో అతనికి ఎన్నటికీ తెలియదు. కార్యకారణ సంబంధాన్ని కంటితో, చెవితో, చేతితో పరీక్షించే ఈ అవకాశాన్ని పాత యంత్రం దాచకుండా అందిస్తుంది. కొత్త వాహనాలలో సెన్సార్లు, కంప్యూటర్లు ఈ పనిని యజమానికి కనబడకుండా నిర్వహిస్తున్నాయి. అది సౌకర్యమే. కాని సౌకర్యం పెరిగిన కొద్దీ అవగాహన తరిగిపోవడం సమాజానికి మేలు చేయదు.

ఈ అంశాన్ని అమెరికా రచయిత రాబర్ట్ పిర్సిగ్ 1974లో వెలువరించిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' అనే గ్రంథంలో లోతుగా చర్చించాడు. 1968లో కుమారునితో కలిసి ఆయన చేసిన మోటార్‌సైకిలు ప్రయాణం ఆ గ్రంథానికి ఆధారం. సహయాత్రికుడైన మిత్రుని ఖరీదైన బండికి హ్యాండిల్ వదులైంది. పానీయపు డబ్బా నుంచి కత్తిరించిన పలుచని రేకు ముక్కతో దానిని బిగించవచ్చునని కథకుడు సూచించగా, మిత్రునికి ఆ మాట అవమానంగా తోచింది. యంత్రం కావాలి గాని, యంత్రాన్ని గురించిన జ్ఞానం అక్కరలేదన్న మనస్తత్వాన్ని ఈ చిన్న సంఘటన ఎత్తిచూపుతుంది. అర్ధశతాబ్దం గడిచిన తరువాత ఆ మనస్తత్వం తగ్గకపోగా సర్వత్రా వ్యాపించింది.

దీని వలన నష్టపోయేది వాహన యజమాని ఒక్కడే కాదు. విజయవాడ ఆటోనగర్ వంటి ప్రదేశాలలోను, ప్రతి పట్టణంలోని చిన్న చిన్న షెడ్లలోను తరతరాలుగా పోగుపడిన పనితనం ఉన్నది. బజారులో దొరకని భాగాన్ని లేతు యంత్రంపై మలచగలవారు, చెవి ఆనించి బేరింగు అరుగుదలను చెప్పగలవారు అక్కడ ఉన్నారు. వారి విద్యకు పట్టాలు లేవు; గురువు పక్కన కూర్చొని స్పానర్లు అందిస్తూ నేర్చిన విద్య అది. పాడైన భాగాన్ని బాగుచేయడం మాని, మొత్తంగా మార్చివేయడమే పద్ధతి అయినప్పుడు ఆ విద్య ఒక్క తరంలో అంతరిస్తుంది. మరమ్మతుకు అవసరమైన సమాచారం, విడిభాగాలు వినియోగదారునికి అందాలన్న భావన నేడు ప్రపంచమంతటా బలపడుతున్నది. మన కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో 'మరమ్మతు హక్కు'పై ఒక సంఘాన్ని నియమించి, మోటారు వాహనాలను కూడా దాని పరిధిలో చేర్చింది. అయితే హక్కు కాగితంపై ఉన్నంత మాత్రాన చాలదు. దానిని వినియోగించుకొనే జ్ఞానం ప్రజలలో ఉండాలి.

పాత వాహనాలపై వినవచ్చే ఆక్షేపణలను తోసిపుచ్చడం న్యాయం కాదు. అవి కాలుష్యాన్ని పెంచుతాయన్నది మొదటి ఆక్షేపణ. రెండు స్ట్రోకుల ఇంజన్ల విషయంలో ఇది ముమ్మాటికీ నిజం. మైసూరులో తయారై 1996లో ఉత్పత్తి నిలిచిపోయిన యెజ్డీ రోడ్‌కింగ్ వంటి బండ్లలో పెట్రోలు కొంత మండకుండానే పొగతో పాటు బయటకు పోతుంది. ఇటువంటి వాటిని నిత్యవాహనాలుగా వాడడం సమర్థనీయం కాదు. నాలుగు స్ట్రోకుల కరిజ్మా వాటి కంటె మేలైనదే అయినా, 2020 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన బి.ఎస్. 6 ప్రమాణాలకు తులతూగదు. కనుక ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు, కార్బురేటర్ సక్రమంగా ఉంచడం యజమాని తన తోటివారి పట్ల నెరవేర్చవలసిన బాధ్యత.

భద్రత లేదన్నది రెండవ ఆక్షేపణ. ఇది మరింత గంభీరమైనది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. చక్రం బిగుసుకొని జారిపోకుండా కాపాడే ఏ.బి.ఎస్. సాధనం 125 ఘన సెంటీమీటర్లకు మించిన కొత్త ద్విచక్ర వాహనాలకు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయినది. 2003 నాటి కరిజ్మాకు ఆ రక్షణ లేదు. వేగం రెట్టింపైతే బ్రేకు వేసిన తరువాత ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. ఈ లెక్క తెలిసిన పాత బండి యజమాని ముందు వాహనానికి ఎడంగా ఉంటాడు; వాలులో తక్కువ గేరులో దిగుతాడు; తొలకరి వాన కురిసిన రోడ్డుపై బ్రేకును నెమ్మదిగా వేస్తాడు; తలకు హెల్మెట్ లేక బండి తీయడు. తన వాహనపు పరిమితిని చేతులారా ఎరిగినవాడు దానిని మీరడానికి వెనుదీస్తాడు. పరిమితిని ఎరుగనివానికి కొత్త సాధనాలు ధీమాను మాత్రమే ఇస్తాయి.

ఈ వాదానికి ఒక హద్దు ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం స్వంత వాహనపు రిజిస్ట్రేషన్ పదిహేనేండ్లు చెల్లుతుంది. ఆపైన పరీక్షకు నిలిచి, అయిదేండ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. కొందరు దీనిని వేధింపుగా భావిస్తారు. నిజానికి ఇది వాహనానికీ, యజమాని శ్రద్ధకూ కలిపి పెట్టే పరీక్ష. చట్రం చీలిన బండిని, బ్రేకులు నిలువని బండిని అభిమానం కొద్దీ రోడ్డుపైకి తేవడం ప్రేమ అనిపించుకోదు. శుశ్రూష చేయవలసిన కాలం ఎంత ముఖ్యమో, సెలవు ఇవ్వవలసిన కాలాన్ని గుర్తించడమూ అంతే ముఖ్యం.

విద్యార్థులందరూ పాత మోటార్‌సైకిళ్ళు కొనాలన్నది ఇక్కడి ఆశయం కాదు. ఇంటిలో ఉన్న బండి ఏదైనా సరే, దానితో వచ్చిన పుస్తకాన్ని ఒక్కసారి మొదటి నుంచి చివరి వరకు చదవాలి. టైరులో గాలి, చైను బిగువు, ఆయిల్ మట్టం, బ్రేకుల పట్టు అనే నాలుగింటిని వారానికొకసారి స్వయంగా పరీక్షించాలి. మెకానిక్ వద్దకు వెళ్ళినప్పుడు దూరంగా కూర్చొనక, పక్కన నిలిచి, ఏమి చేస్తున్నాడో ఎందుకు చేస్తున్నాడో అడిగి తెలుసుకోవాలి. చేతికి అంటిన నూనె మరక సబ్బుతో పోతుంది. ఆ పూట నేర్చిన విషయం మాత్రం ఘాట్ రోడ్డుపై, చీకటి వేళ, సహాయం చేసేవారెవ్వరూ లేని చోట అక్కరకు వస్తుంది.