జూలై ఫీజు డబ్బుకు 22 శాతం ఆశ ఎందుకు?

మార్చిలో నిజామాబాద్ గంజ్‌లో పసుపు అమ్మి మీ నాన్న రూ.40 వేలు మీ ఖాతాలో వేశారనుకుందాం. జూలైలో హైదరాబాద్‌లో కోర్సు ఫీజు, హాస్టల్ అడ్వాన్స్ కట్టాలి. మధ్యలో నాలుగు నెలలు. ‘ఉత్తగ ఎందుకు ఉంచుడు రా, దీంట్ల పెట్టు’ అని రూమ్మేట్ ఓ యాప్ చూపిస్తాడు.

ముందు లెక్క వేయండి. సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 2.5 శాతమైతే నాలుగు నెలలకు రూ.333. ఎఫ్‌డీలో 6 శాతం అనుకుంటే రూ.800. ఎవరైనా 22 శాతం ఇస్తామంటే రూ.2,933. అంటే ఎఫ్‌డీ కన్నా అదనంగా వచ్చేది రూ.2,133. దానికోసం పణంగా పెట్టేది మొత్తం 40 వేలు, చేరాల్సిన బ్యాచ్ కూడా. చిన్న మొత్తం, తక్కువ కాలం అయితే ఎంత పెద్ద శాతమైనా రూపాయల్లోకి మార్చగానే తేలిపోతుంది. యాప్‌లు శాతాల్లోనే ఎందుకు మాట్లాడతాయో మరి!

ఈ 22 నేను ఊహించిన అంకె కాదు. హైదరాబాద్‌లో ఫాల్కన్ ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ పేరుతో 45 నుంచి 180 రోజుల డిపాజిట్లకు 11 నుంచి 22 శాతం ఇస్తామన్నారు. 6,979 మందికి సుమారు రూ.850 కోట్లు తిరిగి రావాల్సి ఉందని 2025 ఫిబ్రవరిలో సైబరాబాద్ పోలీసులు చెప్పారు. ‘నేను ఆప్షన్స్ మాత్రమే చేస్తా’ అంటారా? 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీయే లెక్క తేల్చింది.

బోధన్ వైపు చెరకు వేసిన ఇళ్లవాళ్లకు అసలు సంగతి విడిగా చెప్పక్కర్లేదు. చెరకు తోలిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బివ్వాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి అని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. కాగితం మీద 15 శాతం గొప్ప రాబడే. కానీ బకాయి వచ్చేదాకా కాలేజీ ఫీజు గడువు ఆగదు కదా. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న నిజాం షుగర్స్ బోధన్ ఫ్యాక్టరీకి కూడా 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించారు. అందుకే మీ మొదటి ప్రశ్న ‘ఎంత వస్తుంది’ కాదు, ‘ఏ తేదీకి చేతికొస్తుంది’ అన్నదే. పైగా తొమ్మిది నెలల పంట, వాన, దుంపకుళ్లు, గంజ్ రేటు... మీ ఇంట్లో రిస్కు ఇప్పటికే సరిపడా ఉంది. ఫీజు డబ్బుతో ఇంకొకటి తెచ్చుకోవాలా?

కట్టే తేదీ ఖాయమైతే బ్యాంకు ఎఫ్‌డీ చాలు. బ్యాంకు మునిగినా అసలు, వడ్డీ కలిపి రూ.5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది. ఇంటర్వ్యూ కాల్ ఎప్పుడొస్తుందో, ఎప్పుడు ఊరు కదలాలో తెలియకపోతే లిక్విడ్ ఫండ్ చూడొచ్చు. ఆ డబ్బును 91 రోజుల్లోపు గడువు తీరే వాటిలోనే పెడతారు. వారం దాటితే ఎగ్జిట్ లోడ్ ఉండదు, అమ్మితే సాధారణంగా మరుసటి పనిరోజుకు డబ్బు ఖాతాలో పడుతుంది. బీమా మాత్రం లేదు, అది గుర్తుంచుకోండి. ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్‌లో రూ.10 వేల నుంచి 91 రోజుల ట్రెజరీ బిల్లు కొనొచ్చు. ప్రభుత్వమే ఇచ్చే మాట కాబట్టి భద్రతకు ఢోకా లేదు, కాకపోతే మధ్యలో అమ్మడం తలనొప్పి. చిట్టీ ఈ పనికి పనికిరాదు. పాట మీకు జూలైలోనే దక్కుతుందని ఎవరు చెప్పగలరు?

బస్సు ఛార్జీలకు, పరీక్ష ఫీజులకు ఓ అయిదు వేలు సేవింగ్స్‌లోనే వదిలేయండి. దాని మీద వడ్డీ లెక్కలు వేయకండి.